తోక చోట కాళ్లు మొలిస్తే



మృగశిర కార్తెలో నాలుగు వానలు పడగానే గోదావరిఖనిలో మన క్వార్టర్ల వెనక గుంటల్లో రాత్రంతా కప్పల బెకబెకలే. తెల్లారి వెళ్లి చూస్తే నీళ్లలో జిగురు పొరల మధ్య గుడ్లు కనబడతాయి. ఒక్కో గుడ్డు ఒకటి రెండు మిల్లీమీటర్లు మించదు. చాలా జాతుల్లో పై సగం నల్లగా, కింది సగం తెల్లగా ఉంటుంది. అంతా కలిపి అది ఒకే ఒక్క కణం. ఆ ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, గంటల్లోనే వేలవుతాయి. అన్నింటిలోనూ ఉండేవి అవే జన్యువులు. మరి ఒక కణం కన్నులోకి, ఇంకొకటి గుండెలోకి, మరొకటి తోకలోకి ఎలా చేరుతోంది?

చాలామటుకు పక్కనున్న కణాలు చెబితేనే. ఒక కణం ఓ రసాయనాన్ని వదులుతుంది. ఇంకో కణం దాన్ని అందుకుని, తనలోని కొన్ని జన్యువులను పనిలో పెడుతుంది, కొన్నింటిని ఆపేస్తుంది. బొగ్గుబాయి సైరన్ ఒక్కటే అయినా ఫస్టు షిఫ్టు వాళ్లు దిగుతారు, నైటు షిఫ్టు వాళ్లు ఎక్కుతారు కదా! అలాగే ఒకే సంకేతం విని ఒక్కో కణం ఒక్కో పని చేస్తుంది.

ఈ సంగతిని 1924లో జర్మనీలో హాన్స్ స్పేమన్, హిల్డె మాంగోల్డ్ అనే శాస్త్రవేత్తలు రుజువు చేశారు. కప్పలకు దగ్గరి జాతి అయిన న్యూట్ పిండం నుంచి చిన్న ముక్క తీసి, మరో పిండం పొట్టవైపు అతికించారు. అక్కడ ఇంకో వెన్ను పుట్టుకొచ్చింది. అందులో చాలా భాగం అతికించిన ముక్కది కాదు. చుట్టూ ఉన్న కణాలే ఆ ముక్క మాట విని దారి మార్చుకున్నాయి. స్పేమన్‌కు 1935లో నోబెల్ వచ్చింది. హిల్డె అప్పటికే, 1924లోనే, కన్నుమూసింది.

మన దేశంలోనే, ఒడిశాలో ఇంకో వింత జరిగింది. ఉత్కళ విశ్వవిద్యాలయంలో ప్రియంవద మహంతి హెజ్మాది, ఆమె సహచరులు తోకకప్పల తోక కోసి, వాటిని విటమిన్ ఏ కలిపిన నీళ్లలో ఉంచారు. మట్టిలో దాక్కుని వానలకే పైకొచ్చే గుండ్రటి కప్ప పిల్లలవి. తోక మొలవాల్సిన చోట కాళ్లు మొలిచాయి! 1992లో 'నేచర్' పత్రిక ఈ ఫలితాన్ని అచ్చువేసింది. విటమిన్ ఏ ఒంట్లో రెటినోయిక్ ఆమ్లంగా మారుతుంది. పిండంలో ఏ కణం ఎక్కడుందో చెప్పే సంకేతాల్లో అదీ ఒకటి. మోతాదు మించితే కణాలు తామున్న చోటు మరోటనుకుంటాయి.

తల్లి కడుపులో బిడ్డకూ ఇదే సంకేతం పనిచేస్తుంది. అవయవాలకు చాలావరకు రూపం వచ్చేది తొలి రెండు నెలల్లోనే. నెల తప్పిందని తెలిసేలోపే ఆ పని మొదలైపోతుంది.

అందుకే అక్కలకు, చెల్లెళ్లకు నా మనవి. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ గోళీలు విటమిన్ ఏ జాతి మందే. గర్భిణులు వాటిని ముట్టుకోకూడదు. పిల్లలు కావాలనుకునేవారు డాక్టరుకు ముందే చెప్పి మానేయాలి. మానేశాక కనీసం నెల రోజులు ఆగాలి. డాక్టరు రాయకుండా విటమిన్ ఏ గోళీలూ వేసుకోవద్దు. మునగాకు, తోటకూర, క్యారెట్ మాత్రం నిశ్చింతగా తినండి. వాటిలోంచి ఒళ్లు తనకు కావలసినంతే విటమిన్ తయారు చేసుకుంటుంది.