మరపడవలు - మద్యసారము కలిసిన పెట్రోలు

కడపసీమలో పడవను గూర్చి ప్రసంగమా యని శ్రోతలలో కొందరు నవ్వుకొనవచ్చును. పెన్న ఇసుకలో కాలినడకన ఆవలిగట్టు చేరిన ప్రొద్దుటూరు పెద్దలకు పడవతో పని అరుదు. బెస్తల పుట్టి తప్ప మరియొక నావను వారెరుగరు. కాని కాలము మారినది. జమ్మలమడుగు చెంత మైలవరము, దానికెగువన 26.85 టి.ఎం.సి.ల గండికోట జలాశయము, పులివెందుల వైపున పైడిపాళెము, చిత్రావతి జలాశయములు వెలసినవి. నీరు నిండిన యేట ఇవి మనకు చిన్న సముద్రములే. నీరున్నచోటికి పడవ వచ్చును. పడవ వెంట మర వచ్చును. మర వెంట పెట్రోలు వచ్చును. ఆ పెట్రోలును గూర్చియే నేడు ముచ్చటింపదలచితిమి.

మన బంకులలో దొరకు పెట్రోలు ఇప్పుడు వట్టి పెట్రోలు కాదు. అందు ఇథనాలు, అనగా చెరకు మడ్డినుండియు, చెరకు రసమునుండియు, బియ్యము, మొక్కజొన్నల వంటి ధాన్యములనుండియు తీసిన మద్యసారము కలిసియున్నది. 2003లో కొన్ని రాష్ట్రములలో 5 శాతముతో ఈ మిశ్రమము ఆరంభమైనది. 2022 జూనునాటికి దేశపు సగటు 10 శాతమునకు చేరినది. 2023 ఫిబ్రవరిలో 20 శాతపు మిశ్రమము బంకులకు వచ్చినది. 2025లో దేశపు సగటే 20 శాతమైనది. విదేశములనుండి కొను చమురు తగ్గవలెననియు, రైతు పంటకు మరియొక గిరాకి కలుగవలెననియు దీని యుద్దేశము. ఉద్దేశము మంచిదే. అయితే మందు మంచిదైనను రోగి నెరిగి ఈయవలెను గదా!

మద్యసారమునకు మూడు గుణములు కలవు. మొదటిది, అది నీటిని ప్రేమించును. పెట్రోలు నీటితో కలియదు. మద్యసారము ఇట్టే కలియును. పదిపాళ్ల మిశ్రమము లీటరుకు సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని తనలో దాచుకొనగలదు. 20 లీటర్ల ట్యాంకులో ఇది ఒక చిన్న టీ గ్లాసెడు. ఇరువదిపాళ్ల మిశ్రమము ఇంకను ఎక్కువ నీటిని భరించును. కాని ఆ హద్దు దాటినంతనే, మద్యసారము పెట్రోలును విడిచి నీటితో కలిసి ట్యాంకు అడుగునకు దిగును. వేడి పెట్రోలు ఎక్కువ నీటిని దాచుకొనును, చల్లబడినపుడు విడుచును. కనుక పగటియెండలో బాగుగానున్న ట్యాంకులో చలిరాత్రి గడచునప్పటికి రెండు పొరలేర్పడవచ్చును. ఇంజనుకు పోవు గొట్టము మూతి ఎక్కడనుండును? అడుగుననే. తెల్లవారి పడవ నడుపువాడు తాడు లాగినపుడు ఇంజనుకందునది పెట్రోలు కాదు, నీళ్లమద్యము.

ఇదే మోటారుసైకిలుకైన, బండి ప్రక్కకు నిలిపి తోసికొని పోవచ్చును. నడినీట మర ఆగిన పడవను ఎక్కడ నిలుపుట? గండికోట లోయలో ఇరువైపుల నిట్టనిలువు బండలు. గాలి ఎటు త్రోసిన పడవ అటు పోవలసినదే. పడవలో పిల్లలున్నారు, వృద్ధులున్నారు. కావున పడవకు ఇంజను ఆగుట రిపేరు ఖర్చుతో తీరు విషయము కాదు. ప్రాణములకు సంబంధించిన విషయము.

రెండవ గుణము కరగించుట. పాత ట్యాంకు గోడలకు ఏండ్లతరబడి పట్టిన జిగురును, మడ్డిని మద్యసారము కడిగి వదలించును. ఆ మురికి ఫిల్టరునకు, కార్బ్యురేటరు సన్నని రంధ్రములకు చేరి అడ్డుపడును. పాతరకపు రబ్బరు గొట్టములను ఉబ్బించి మెత్తబరచును, లేదా పగుళ్లు పుట్టించును. అమెరికాలో 2006 ప్రాంతమున పదిపాళ్ల మిశ్రమము విరివిగా వచ్చినపుడు, పాత పడవలలోని ఫైబరుగ్లాసు ట్యాంకుల జిగురు కరగి, తారువలె ఇంజను వాల్వులకు పట్టుకొనినది. ఆ తరువాత 15 శాతపు మిశ్రమమును 2001 మొదలు తయారైన కార్లకు అనుమతించిన ప్రభుత్వము, పడవలకు, మోటారుసైకిళ్లకు, చిన్న యంత్రములకు దానిని నిషేధించినది. పడవల ఇంజను తయారుచేయు ప్రసిద్ధ కంపెనీలు పెక్కు తమ పుస్తకములలో 10 శాతమునే హద్దుగా వ్రాసినవి. మన బంకులోనిదో, 20. చిక్కంతయు ఈ రెండంకెల నడుమనున్నది.

మూడవది, మద్యసారములో ప్రాణవాయువు కలిసియుండుట, శక్తి తక్కువగుట. లీటరుకు లీటరు చూచిన, పెట్రోలుకన్న దానియందు మూడవవంతు శక్తి తక్కువ. కార్బ్యురేటరుతో నడచు పాత ఇంజను ఈ భేదమును గ్రహింపలేదు. ఇంధనము చాలక, గాలి మిక్కుటమై, ఎక్కువ వేడితో నడచును. ఇక నూనె కలిపి నడుపు రెండు స్ట్రోకుల ఇంజను సంగతి మరియు గడ్డు. పొరలు విడినపుడు నూనె పైనున్న పెట్రోలుతోనే పోవును. అడుగుపొరలో నూనె ఉండదు. ఆ అడుగుపొర నందుకొనిన పిస్టను నూనెలేక పట్టుకొనిపోవును.

పడవ లేనివారు ఈ మాటలు తమకు కావని తలపవలదు. పులివెందుల చీనీతోటలలో మందుకొట్టు పెట్రోలు పిచికారీ యంత్రము, ప్రొద్దుటూరు దుకాణములో కరెంటు పోయినపుడు తిప్పు చిన్న జనరేటరు, ఇవన్నియు పడవ ఇంజనుకు తోబుట్టువులే. నెలలతరబడి మూలనుండి, అక్కర వచ్చినపుడే పనిచేయవలసినవి. డీజిలుతో నడచు యంత్రములకు ఈ పెట్రోలు చిక్కులు లేవు.

మరి చేయవలసినదేమి? ముందుగా ఇంజనుతో వచ్చిన పుస్తకమును తెరచి, ఎన్ని పాళ్ల మిశ్రమము తగునో చూడుడు. అందు 10 అని యున్నచో, అమ్మినవారిని అడిగి, 20కి తగిన గొట్టములు, వాషర్లు దొరకునేమో, కార్బ్యురేటరు మార్పు కావలెనేమో తెలిసికొనుడు. క్రొత్త ఇంజను కొనువారు ఈ ప్రశ్న అడిగిన తరువాతనే డబ్బు చెల్లింపుడు. ట్యాంకునకు, ఇంజనుకు నడుమ నీటిని వేరుచేయు ఫిల్టరు నమర్చుడు. మిశ్రమమునకు మారిన క్రొత్తలో దానిని త్వరత్వరగా మార్చుడు. మూత బిర్రుగానుండవలెను, వానలో పెట్రోలు పోయరాదు. వారము రోజులకు చాలినంతయే కొనుడు. నూనె ఆ పూటకే కలుపుడు. చాలకాలము నిలుపు యంత్రమైనచో ట్యాంకును, కార్బ్యురేటరును ఖాళీచేసి ఆరబెట్టుడు.

ప్రయాణమునకు ముందు, నిప్పునకు దూరముగా, ట్యాంకు అడుగునుండి కొద్ది పెట్రోలును గాజుసీసాలోనికి తీసి వెలుతురున చూడుడు. తేటగా ఒకే పొరగానున్న మంచిది. అడుగున మసకగీత కనిపించెనా, కుదిపి కలుపుటకు యత్నింపకుడు. ఏ మందు పోసినను ఆ విడాకులు తిరిగి కాపురము కావు. అంతయు తీసివేసి, శుభ్రపరచి, క్రొత్తది పోయవలసినదే. తీసిన దానిని జలాశయమున పోయరాదు. అది మనము త్రాగు నీరు.

బ్రెజిలు దేశమువారు 1975 నుండి మద్యసారమును ఇంధనముగా ప్రోత్సహించుచున్నారు. అచ్చట దానికి తగిన యంత్రములు తయారైనవి. యంత్రమునకు తగిన ఇంధనమున్నచో పేచీ లేదు. మన ఇబ్బంది పాత యంత్రమునకు క్రొత్త ఇంధనము తగులుటవలన పుట్టినది. యంత్రములు మారువరకు మనుష్యులు జాగ్రత్తపడవలెను. పడవ నడుపు సోదరులారా, మీకు రెండు తెడ్లు, అందరికి తేలుచొక్కాలు పడవలో ఎల్లప్పుడుండవలెను. పడవనెక్కు శ్రోతలారా, అవి యున్నవో లేవో అడిగి మరీ ఎక్కుడు. అడుగుటకు సిగ్గుపడవలదు, ఒడ్డున అడిగిన ప్రశ్నకు ఖర్చు లేదు.