ఇంట్లో కాంతి చికిత్స – మన జాగ్రత్తలు

(కొత్తూరులో మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బొల్లి, సోరియాసిస్ ఉన్నవారు మన కుటుంబాలలోనూ ఉన్నారు. చెప్పుకోవడానికి జంకుతారు. కనుక ముందుగా ఒక మాట మనవి చేస్తాను. ఈ రెండూ అంటువ్యాధులు కావు. ఒకే కంచంలో తిన్నా, ఒకరి తువ్వాలు ఒకరు వాడినా రావు. మా మనుమరాలికి మెడ మీద, చేతివేళ్ళ మీద బొల్లి మచ్చలు వచ్చాయి. ఒక పెండ్లిలో ఆమె అందించిన మంచినీళ్ళ గ్లాసును ఒకావిడ పుచ్చుకోలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆ పిల్ల ఏ శుభకార్యానికీ రానన్నది.

కాంతితో చర్మానికి చికిత్స చేయడం కొత్త సంగతి కాదు. మన ఆయుర్వేద వైద్యులు బొల్లికి బావంచి గింజల మందు ఇచ్చి ఎండ తగలనిచ్చేవారు. చర్మక్షయను కాంతితో నయం చేసిన డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. నేడు ఎక్కువగా వాడేది 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. డాక్టర్లు నేరోబ్యాండ్ యువిబి అంటారు. వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి తీసుకోవాలి. కాంతి పెట్టేది కొద్దిసేపే గాని, కొత్తూరు నుండి నగరానికి పోయి రావడానికి సగం రోజు పడుతుంది. అందుకే డాక్టరు సలహా మీద చిన్న యంత్రం ఇంటికి తెచ్చుకున్నాము.

అయితే యంత్రం ఇంటికి వచ్చింది గాని, డాక్టరు రాలేదు. ఇది దీపం కాదు, మందు. మాత్రకు మిల్లీగ్రాములు ఎలాగో, దీనికి సెకన్లు అలాగ. ఎన్ని సెకన్లో, ఎప్పుడు పెంచాలో డాక్టరు చీటీ ప్రకారమే జరగాలి.

ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు పెట్టించండి. తడి నేల మీద వాడవద్దు. పిల్లలను బయటికి పంపి గది తలుపు వేయండి. ఈ కాంతిని ఆపగల ప్రత్యేక కళ్ళద్దాలు రోగికే కాదు, పక్కన సాయం చేసేవారికీ ఉండాలి. మామూలు చలువ అద్దాలు చాలవు. మచ్చ లేని ముఖాన్ని గుడ్డతో కప్పాలి. మగవారు మర్మాంగాలను తప్పక కప్పుకోవాలి. యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన దూరాన్నే ప్రతిసారీ పాటించాలి. దగ్గరికి జరిగితే మోతాదు పెరిగినట్లే.

గుమాస్తాగా పనిచేసినవాణ్ణి గనుక ఒక రిజిస్టరు తెరిచాను. తేదీ, సెకన్లు, మరునాడు చర్మం ఎలా ఉన్నది – మూడే గళ్ళు. లేత ఎరుపు వచ్చి 24 గంటల్లో తగ్గితే భయం లేదు. అంతకు మించి నిలిస్తే ఆపి డాక్టరును అడగాలి. నొప్పి, బొబ్బలు వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వారం పైగా మానేస్తే పాత మోతాదుతోనే మళ్ళీ మొదలుపెట్టరాదు. గొట్టం కొత్తది వేసినా అంతే. దాని శక్తి ఎక్కువగా ఉంటుంది.

పెద్దవారికి మరొక మాట. బి.పి.కి వాడే హైడ్రోక్లోరోథయజైడ్, ఇన్‌ఫెక్షన్లకు ఇచ్చే డాక్సీసైక్లిన్ వంటి మందులు చర్మాన్ని కాంతికి త్వరగా కందేలా చేస్తాయి. మీరు మింగే మాత్రలన్నీ డాక్టరుకు చూపించండి. బావంచి నూనె రాసుకొని ఈ కాంతిలో కూర్చుంటే కాలుతుంది. నీళ్ళలో క్రిములను చంపే యంత్రంలోని గొట్టం కూడా అతినీలలోహితమే గదా అని దాన్ని వాడబోయేరు! అది వేరు. కంటికి, చర్మానికి హాని చేస్తుంది.

సమయం పెంచితే తొందరగా తగ్గుతుందని చెప్పేవారు ఉంటారు. వినకండి. నిదానమే ప్రధానం. మా ఇంట్లో ఎనిమిది నెలలు గడిచాయి. మెడ మీద రంగు చాలావరకు తిరిగి వచ్చింది. వేళ్ళ మీద రాలేదు. అక్కడి మచ్చలు మొండివని డాక్టరు ముందే చెప్పారు. అయినా మొన్న మా బంధువుల ఇంట గృహప్రవేశానికి మనుమరాలు తానే బయలుదేరింది.

ఇంట్లో ఎవరికి మచ్చ కనబడినా దాచకండి. చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. ఆయన చీటీ చేతికి వచ్చిన తర్వాతే యంత్రం మాట ఎత్తండి. మచ్చలున్నవారు మీ ఇంటికి వస్తే పక్కన కూర్చోబెట్టుకోండి. ఇదే నా విజ్ఞప్తి.