మాట్లాడని బొమ్మలే మేలు

ఇంజనీరు గనక వంతెనల గురించి చెబుతాననుకున్నారేమో! ఈమధ్య నా పనంతా అట్టపెట్టెలతోనే.

నా మనవడికి రెండేళ్లు నిండాయి. మాటలు పట్టుమని పది రాలేదు. చెవులు పరీక్ష చేయిస్తే లోపం లేదన్నారు. (ఆ వయసుకు "అమ్మా రా" అని రెండు మాటలు కలపకపోతే ముందు ఆ పరీక్ష చేయించండి, ఆటలు తర్వాత.)

బ్యాటరీ బొమ్మ మీట నొక్కితే అదే పాడుతుంది, అదే మాట్లాడుతుంది. వాడు నోరు మూసుకుని చూస్తాడు. ఖాళీ చెప్పుల డబ్బా తోసి "ఇది బస్సు" అన్నాను. డబ్బా తనంతట ఏమీ చేయదు, మాటలు మేమే పెట్టాలి. మన లక్కపిడతల గుణమూ అదే కదా! వాళ్ల అమ్మమ్మ పాతచీరతో కుట్టిన ఏనుగు బస్సు ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. "రైట్..." అని ఆగాను. కిటుకంతా ఆ ఆగడంలోనే ఉంది. మనసులో ఐదారు అంకెలు లెక్కపెట్టాలి. పెద్దవాళ్లకు అదే కష్టం. వాడు "బ" అన్నాడు. "అవును, బస్సు పోతోంది" అన్నాను. సరిగ్గా పలకమనలేదు.

కొబ్బరిచిప్పలో ఉత్తుత్తి పప్పు వండినప్పుడు "ఉప్పు సరిపోయిందా?" అనండి. "ఇదేం రంగు?" అని పరీక్ష పెట్టకండి. మాస్టార్లు క్షమించాలి! చింతగింజలు, బొత్తాలు మాత్రం అందనివ్వకండి, గొంతుకు అడ్డుపడతాయి.

బయట బల్ల మీద ఖాళీ డబ్బాలు పెట్టాను. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు తలా ఒకటి తీసుకెళ్లండి.