శివారు నుంచి శివారుకు
(కొల్లాపూర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కొల్లాపూర్‌లో బస్సెక్కి మనం పోయేది పట్నానికి కాదు, పట్నపు శివారుకు. కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్బీనగర్ అడ్డాల మీద తెల్లారకముందే నిలబడతం. మేస్త్రీ మన రెక్కలు చూసి కూలి బేరమాడతడు. పొద్దెక్కేదాకా ఎవరూ పిలవకుంటే ఆ రోజు పస్తే.

ఆ వీధులకు కంకర మోసింది మనం. ఆ మేడలకు ఇటుకలెత్తింది మనం. గృహప్రవేశం కాకముందే మన గుడిసె పీకేస్తరు. కిరాయికి అర్ర అడిగితే, "మీదేం కులం?" అంటరు. ఊర్లో మన వాడ ఊరవతల, పట్నంలో మన గుడిసె పట్నమవతల. కులం మనకంటే ముందే బస్సెక్కింది!

1981లో శ్రీశైలం ముంపని కృష్ణ ఒడ్డు ఊర్లు ఖాళీ చేయించిండ్రు. పరిహారం పట్టా చూసి లెక్కగట్టిండ్రు. కూలోళ్ల రెక్కలకు పట్టా ఎక్కడిది?

బళ్లో మేం హాజరు పిలుస్తం, జవాబు రాదు. ఆ బిడ్డ పట్నంలో ఇసుక కుప్ప మీద తమ్ముణ్ణి ఆడిస్తుంటది.

భవన నిర్మాణ కార్మికుడు ఏడాదిలో 90 రోజులు పనిచేస్తే పేరు నమోదు చేయాలని 1996లోనే చట్టమొచ్చింది. రోజుకో మేస్త్రీ దగ్గర చేసేటోళ్లకు ఆ 90 రోజులకు సంతకం ఎవరు పెట్టాలె?

అందుకే ప్రతి అడ్డాలో ఒక నోటుబుక్కు పెడదాం. తేదీ, పనిచోటు, మేస్త్రీ పేరు, ఇచ్చిన కూలి రాద్దాం. రాయరానోళ్లకు మన బిడ్డలు రాస్తరు, పంతుళ్లం మేం రాస్తం. మన చెమటకు మన చేతిరాతే మొదటి సాక్ష్యం.

జై భీమ్!