క్యూలో లేనివాళ్ళ లెక్క



గారెల పళ్ళెం ఖాళీ అయిందంటే ఇంట్లో అందరూ తిన్నట్టేనా? చివర కూర్చునే మనకి తెలియదూ ఆ సంగతి! కరోనా టీకాల పంపకమూ అలాంటిదే. ఎన్ని వేశారన్నది ఒక లెక్క. ఎవరికి అందలేదన్నది ఇంకో లెక్క.

మన దేశంలో టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. ముందు వైద్య సిబ్బందికి, మార్చిలో 60 దాటిన పెద్దలకూ, 45 దాటి జబ్బులున్న వారికీ, ఏప్రిల్‌లో 45 దాటిన అందరికీ ఇచ్చారు. అపాయం ఎక్కువున్న వారికి ముందు అన్న ఈ వరస సబబైనదే. చిక్కల్లా మే నెలలో వచ్చింది. 18 దాటిన వారందరూ అర్హులే అన్నారు, కాని 45 లోపు వారు కోవిన్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలన్నారు. మా అబ్బాయి రోజూ ఫోను పట్టుకు కూర్చుని, ఎలాగో కోడలికి తారీఖు సంపాదించాడు. నేనది గొప్పగా చెబుతుంటే, అంట్లు తోముతున్న మా పనిమనిషి, "అలాంటి ఫోను నాకు లేదు గదమ్మా, మరి నాకెట్లా?" అంది. నాలుగిళ్ళు తిరిగే మనిషి! అంతవరకూ నాకా ఆలోచనే రాలేదంటే నమ్ముతారా? సిగ్గుపడ్డాను.

ఫోనూ ఇంటర్నెట్టూ లేనివారి గతేమిటని సుప్రీంకోర్టు కూడా మే 31 నాటి ఉత్తర్వులో అడిగింది. జూన్ 21 నుంచి పెద్దలందరికీ కేంద్ర ప్రభుత్వమే ఉచితంగా టీకా ఇచ్చింది. తిన్నగా వెళ్ళి అక్కడే పేరు రాయించుకోవచ్చన్నారు.

ఇక మన సంగతి. కోవిన్‌లో ఆడా మగా లెక్క విడిగా ఉండబట్టే ఆ నెలల్లో దేశం మొత్తం మీద ఆడవాళ్ళు వెనకబడ్డారని తెలిసింది. "ముందు ఆయనకి కానీండి, నాకేం తొందర" అనేది మనమే గదా! గర్భిణులకైతే జూలై 2 దాకా అనుమతే రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం జూన్‌లోనే అయిదేళ్ళలోపు పిల్లల తల్లులకు ముందు వేయాలని నిర్ణయించారు. లోటు కనబడితేనే గదా పూడ్చడం! పేదా గొప్పా తేడా మాత్రం ఆ లెక్కల్లో లేదు. దాన్ని గుమ్మం దాకా వెళ్ళి చూడాల్సిందే. నవంబరులో ఇంటింటికీ తిరిగే కార్యక్రమం పెట్టారు.

మా పనిమనిషిని జూలైలో నేనే వెంటబెట్టుకు వెళ్ళాను. సూది పడ్డాక, అరగంటసేపు బల్ల మీద కూర్చుని, తమ సందులో ఇంకా వేయించుకోని ఆడవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఆరుగురు. మర్నాడు ఇద్దరిని తనే తీసుకెళ్ళింది.