అక్షరము కడ తడబడు పిల్లలు

మన బడులలో అచ్చటచ్చట ఒక బాలుడో, బాలికయో కనిపించుచుందురు. కథ చెప్పినచో శ్రద్ధతో విని, పొల్లుపోకుండ తిరిగి చెప్పుదురు. పద్యము వినిపించినచో కంఠస్థము చేయుదురు. అంగడికి పంపినచో చిల్లర లెక్క తప్పక తెత్తురు. పుస్తకము చేతికిచ్చి చదువుమన్నంతనే వారికి నోట మాట రాదు. అట్టి పిల్లలకు మనము పెట్టు పేర్లు మూడు: మొద్దు, సోమరి, పెంకె. ఈ మూడు పేర్లును తప్పు కావచ్చునని మనవి చేయుటయే ఈ ప్రసంగోద్దేశము.

1896లో ఇంగ్లండు దేశమున సీఫర్డ్ పట్టణ వైద్యుడు ప్రింగిల్ మోర్గన్, పెర్సీ అను 14 ఏండ్ల బాలుని గూర్చి వైద్య పత్రికలో వ్రాసెను. ఏడవ ఏటి నుండియు బోధించినను ఆ బాలునికి చిన్న మాటలు చదువుటయే కష్టముగా నుండెను. తన పేరు వ్రాయబోయి అక్షరములు తారుమారు చేసి 'ప్రెసీ' అని వ్రాసెను. 7 అను అంకెను తడుముకొనక చదువును. అదే 'సెవెన్' అని అక్షరములలో నున్నచో చదువలేడు. 749ని 867చే గుణింపుమనగా త్వరగా, తప్పులేక గుణించెను. పాఠములన్నియు నోటిమాటగానే చెప్పినచో బడిలో వీనిని మించిన చురుకైనవాడు ఉండడని అతని ఉపాధ్యాయుడే పలికెను.

ఈ స్థితికే డిస్‌లెక్సియా అని పేరు. ఇది తెలివి లోపము కాదు. కంటి జబ్బును కాదు, కావున కండ్లద్దములతో పోదు. మాటలోని ధ్వనులను విడదీసి, ఒక్కొక్కదానిని దాని లిపితో జతచేయు పని మెదడునకు కష్టమగుటయే ఇందు ప్రధానము. తరచుగా ఇది వంశానుగతముగా వచ్చును. తమ బిడ్డను దండించు తండ్రి, తానును బాల్యమున ఇట్లే తడబడెనేమో తలచుకొనవలెను.

వ, మలను, ప, షలను ఆరంభమున పిల్లలందరును పొరపడుదురు. అంతమాత్రమున భయపడ నక్కరలేదు. తోటివారు గుణింతములు, ఒత్తులు దాటి ముందునకు సాగిన తరువాతను ఒక బిడ్డ ప్రతి మాటను కూడబలుకుకొనుచు, నిన్న చదివిన పదమును నేడు క్రొత్తదానివలె చూచుచున్నచో మనము మేలుకొనవలెను. అప్పుడు చేయదగిన సులభ పరీక్ష యొకటి కలదు. పాఠమును మనమే చదివి వినిపించి, ప్రశ్నలు నోటితో అడుగుదము. విని చక్కగా బదులు చెప్పి, చదువుమన్న మాత్రము చెప్పలేనిచో, లోపము తెలివిలో లేదని గ్రహింపవచ్చును. ఇది నిర్ధారణ కాదు, సూచన మాత్రమే. ముందుగా చూపును, వినికిడిని పరీక్షింపజేసి, పిమ్మట అనుభవజ్ఞుడగు మనస్తత్త్వవేత్తకు చూపవలెను.

మరి దీనికి ఉపాయమేమి? దండనము కాదు, పదిసార్లు చూచి వ్రాయించుటయు కాదు. ఒక్కొక్క ధ్వనిని పలికించుచు, దాని లిపిని వ్రేలితో దిద్దించుచు, కొంచెము కొంచెముగా, క్రమము తప్పక, పలుమారులు నేర్పుట మేలైన పద్ధతి. మన వీథిబడులలో పంతుళ్ళు ఇసుకలో ఓనమాలు దిద్దించుచు గొంతెత్తి పలికించెడివారు. కన్ను, చెవి, నోరు, వ్రేలు ఒక్కసారి పనిచేయు ఆ విధానము ఇట్టి పిల్లలకు ఎంతయో ఉపకరించును. డిస్‌లెక్సియా పూర్తిగా తొలగిపోదు. కాని సరియైన బోధనతో చదువు వచ్చును.

మన దేశమున 2016లో చేసిన దివ్యాంగుల హక్కుల చట్టము డిస్‌లెక్సియాను గుర్తించినది. ఇట్టి పిల్లలను వీలైనంత త్వరగా కనిపెట్టవలెనని బడులకు విధించినది. పరీక్షలలో అదనపు కాలము, వ్రాసిపెట్టు సహాయకుడు మొదలగు సౌకర్యములను పేర్కొన్నది. అయినను, చట్టము గ్రంథములలో నుండిన చాలదు. తరగతి గదిలోని ఉపాధ్యాయునికి, వాకిట కూర్చున్న తాతకు, పొరుగింటి అమ్మకు సైతము తెలియవలెను. ఏలయన 'మొద్దు' అను మాట తొలుత వినిపించునది వారి నోటనే.

ఆ మాట పదేపదే విన్న బిడ్డ తుదకు దానిని నమ్మును. నమ్మిన నాడు బడి మానును. చదువు ఆలస్యముగా వచ్చినను నష్టము కొంతయే. తనపై తనకు నమ్మకము పోయినచో దానిని తిరిగి తెచ్చుట కష్టము. కనుక రేపు మన యింట, మన బడిలో ఒక బిడ్డ పుస్తకము ముందు మౌనముగా నిలిచినప్పుడు, కోపించుటకు ముందు ఆ పుటను మనమే చదివి వినిపింతము. ఆ పిమ్మట ఆ బిడ్డ చెప్పునది మనము విందము.