ఒంటరి వేళల కుక్కకు పని

పట్టణములలో నేడు కుక్కను పెంచు ఇండ్లు పెరిగినవి. పగటివేళ ఇంట మనుష్యులుండు ఇండ్లు తగ్గినవి. ఉదయము తొమ్మిది గంటలకు ఆలుమగలిద్దరును ఉద్యోగములకు పోవుదురు. పిల్లలు బడికి వెళ్ళుదురు. తాళము వేసిన మూడు గదులలో కుక్క యొక్కటే మిగులును. సాయంకాలము తలుపు తెరచి చూచునప్పటికి చెప్పులు చినిగియుండును. తలుపు అంచున గోళ్ళ గీతలు పడియుండును. పగలంతయు అరచినదని పొరుగువారు ఫిర్యాదు చేయుదురు. వీటన్నిటికిని మనము పెట్టు పేరు "అల్లరి". అది నిజముగా అల్లరియేనా, లేక పనిలేని ప్రాణి పడు వేదనయా అని విచారించుటయు, దానికి గల ఒక చిన్న ఉపాయమును వివరించుటయు నేటి మన ప్రసంగవిషయము.

మానవునకును కుక్కకును గల చెలిమి మిక్కిలి పురాతనమైనది. జర్మనీలో బాన్ నగరము చెంతనున్న ఓబర్‌కాసెల్ వద్ద 1914లో ఒక పురుషుని అస్థికలు, ఒక స్త్రీ అస్థికలు, వాటితోపాటు ఒక కుక్క ఎముకలు బయల్పడినవి. అవి సుమారు 14,000 సంవత్సరముల నాటివి. ఆ కుక్క పిల్లగా నున్నప్పుడే తీవ్రమైన జబ్బు పడినదనియు, మనుష్యులు శుశ్రూష చేయకున్నచో అది అన్ని వారములు బ్రతికియుండదనియు దాని దంతములను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించిరి. నాటి నుండియు కుక్క మనతోనే యున్నది. అయితే ఊరక ఉండలేదు. గొల్లల వెంట మందను కాచినది. కళ్ళమునొద్ద ధాన్యమునకు కాపలా యున్నది. మన కొల్లేటి ప్రాంతమున జోనంగి కుక్కలు బాతుల మందలను కాచినవి. కన్నడసీమలో ముధోల్ కుక్క వేటకు పేరొందినది. ఇన్ని తరములు పనికి అలవడిన జాతిని మనము తెచ్చి, మెత్తని పరుపు వేసి, పళ్ళెము నిండ తిండి పెట్టి, "ఇక నీకు పని లేదు" అనుచున్నాము. పళ్ళెములోని తిండి రెండు నిమిషములలో ముగియును. మిగిలిన ఎనిమిది గంటలు ఏమి చేయవలెను?

తిండి దొరకుట యొకటి, తిండిని సంపాదించుకొనుట వేరొకటి. ఈ భేదమును గ్లెన్ జెన్‌సెన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1963లో ఎలుకలపై పరిశీలించెను. మీటను నొక్కిన తిండి రాలునట్లు ఎలుకలకు అలవాటు చేసి, పిమ్మట అదే తిండిని గిన్నెలో పోసి ప్రక్కనే ఉంచెను. ఊరక దొరకు తిండి ఎదుట నున్నను ఎలుకలు మీటను నొక్కుట మానలేదు. పూర్వము ఎంత ఎక్కువగా నొక్కి అలవడినవో, అంత ఎక్కువగా నొక్కి తినుటకే మొగ్గుచూపినవి. తరువాత అనేక జంతువులలో ఈ స్వభావము కనబడినది. పిల్లి మాత్రము ఈ నియమమునకు లొంగలేదు. కష్టపడక వచ్చినదానినే అది కోరుకొన్నది. కుక్క ఈ రెంటికిని నడుమ నున్నది. ఊరక పెట్టిన తిండి కంటబడినచో అది దానిని విడువదు. అయినను పని చేసి తినుటకు వెనుదీయదు. ఇంటిలో కుక్కను పెంచువారు గ్రహింపవలసినది ఇదియే.

కుక్కకు ప్రీతియైన పని ముక్కుతో చేయు పని. 2019లో షార్లొట్ డ్యూరాంటన్, అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను పరిశోధకురాండ్రు ఒక అధ్యయనమును ప్రకటించిరి. కొన్ని కుక్కలకు రెండు వారములపాటు వాసన పట్టి తిండిని వెదకు పనిని, మరికొన్నిటికి యజమాని ప్రక్కన క్రమముగా నడచు శిక్షణను ఇచ్చిరి. పిదప తిండి యున్నదో లేదో తెలియని గిన్నెను చూపగా, వాసన పని చేసిన కుక్కలు మునుపటికంటె ఆశతో, వేగముగా దాని వద్దకు పోయినవి. నడక నేర్చినవానిలో అట్టి మార్పు కానరాలేదు. ముక్కునకు పని కల్పించినచో కుక్క మనసు తేటపడునని దీనివలన మనకు బోధపడుచున్నది.

ఈ సూత్రమునకు అనువైనది తిండి కూరు రబ్బరు బొమ్మ. దాని పుట్టుక వినోదకరమైనది. 1970 దశకమున అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున జో మార్ఖమ్ అను నతడు ఫ్రిట్జ్ అను కుక్కను పెంచెను. అది రాళ్ళు కొరికి పళ్ళు అరుగగొట్టుకొనుచుండెను. ఒకనాడు ఆయన వోక్స్‌వాగన్ బండిని మరమ్మతు చేయుచు రబ్బరు భాగము నొకదానిని ప్రక్కకు విసరగా, కుక్క రాయిని విడిచి దానిని పట్టుకొనెనట. అట్టి ఆకారముతోనే "కాంగ్" అను బొమ్మ వెలసినది. నేడు పలు సంస్థలు ఇట్టి వాటిని చేయుచున్నవి. మన నగరముల దుకాణములలోను దొరకుచున్నవి.

కొనునప్పుడు రెండు సంగతులు చూడవలెను. బొమ్మ కుక్క నోటిలో పూర్తిగా పట్టనంత పెద్దదై యుండవలెను. లేనిచో గొంతున అడ్డుపడును. దానికి రెండు వైపుల రంధ్రము లుండవలెను. ఒకే రంధ్రమున్న బొమ్మలో గాలి చొరక, నాలుక లోనికి పీల్చుకొనిపోయి చిక్కుకొను ప్రమాదము కలదు. ముక్కలుగా ఊడుచున్న బొమ్మను వెంటనే పారవేయవలెను.

కూరుటకు ప్రత్యేక పదార్థములు అక్కరలేదు. కుక్క నిత్యము తిను ఆహారములోనే కొంత భాగమును తీసి దీనిలో పెట్టవలెను. ఉప్పు లేని పెరుగన్నము, ఉడికించిన గుమ్మడి, క్యారెట్టు, ఎముక లేని కోడిమాంసము, ఉడికిన గ్రుడ్డు మన వంటింటిలోనే యున్నవి. చిరుతిండి రూపమున ఇచ్చునది దినమునకు వలయు శక్తిలో పదవ వంతు మించరాదని పశువైద్యుల సలహా. మించినచో కుక్క లావెక్కును. తొలిదినములలో వదులుగా కూరి, సులభముగా రాలునట్లు చేయవలెను. విసుగు చెందక నేర్చిన పిమ్మట గట్టిగా కూరి, శీతలయంత్రములో గడ్డకట్టించి ఇచ్చినచో ఆ పని మరింతసేపు సాగును. మన వేసవిలో అది చల్లదనమును కూడ ఇచ్చును.

పెట్టరానివి కొన్ని కలవు. ఉల్లియు, వెల్లుల్లియు కుక్క రక్తకణములను చెరచును. కావున మిగిలిన బిర్యానీని, కూర కలిపిన అన్నమును కూరరాదు. ద్రాక్షయు ఎండుద్రాక్షయు మూత్రపిండములకు హాని చేయగలవు. పాయసపు గిన్నె అడుగు కుక్కకు పెట్టు అలవాటున్నవారు దీనిని గుర్తుంచుకొనవలెను. చాక్లెట్టు విషము. చక్కెరకు మారుగా వాడు జైలిటాల్ అనునది మిక్కిలి కొంచెమైనను ప్రాణాపాయకరము. అంగడిలో కొను వేరుశనగ వెన్న డబ్బాపై ఆ పేరున్నదేమో చదివి చూడవలెను. ఉడికించిన ఎముకలు పగిలి సూదులవలె గుచ్చుకొనును.

బొమ్మ కొనలేనివారికిని దారి కలదు. పాత తువాలును పరచి, దానిలో తిండి పలుకులు చల్లి, చాపవలె చుట్టి ఇచ్చినచో కుక్క ముక్కుతో విప్పుకొనును. అట్టపెట్టెలో కాగితపు ఉండలు నింపి, నడుమ నడుమ తిండి దాచవచ్చును. అయితే గుడ్డను, కాగితమును మ్రింగు స్వభావమున్న కుక్కకు ఇవి తగవు. తక్కినవానికైనను మనము ఎదుట నున్నప్పుడే ఈయవలెను. కొబ్బరి పీచును కుక్క మ్రింగిన పేగులకు అడ్డుపడవచ్చును. కావున కొబ్బరిబోండము ఆటకు పనికిరాదు.

ఈ ఉపాయము ఫలించుటకు ఒక క్రమము కలదు. బొమ్మను మనము ఇంట నున్నప్పుడే ముందుగా అలవాటు చేయవలెను. బయటికి పోవునప్పుడు మాత్రమే ఇచ్చుచుండినచో, బొమ్మను చూడగానే "వీరు పోవుచున్నారు" అని కుక్క గ్రహించి బెదరును. పోవు వేళ కొన్ని నిమిషములు ముందుగా ఇచ్చి, అది పనిలో పడిన పిదప హడావుడి లేక వెడలిపోవలెను. రెండు కుక్కలున్న ఇంట వేరు వేరు గదులలో ఈయవలెను; లేనిచో బొమ్మకై కలహము పుట్టును.

ఇక ముఖ్యమైన సంగతి. సాయంకాలము వచ్చి చూచునప్పటికి బొమ్మలోని తిండి ముట్టకయే యున్నచో, అది ఆకలి లేకపోవుట అని త్రోసివేయరాదు. ఏకాంతభయమున మునిగిన కుక్క ఎంతటి రుచిగల పదార్థమునైనను తాకదు. మనము తిరిగి రాగానే ఆత్రముగా తినును. చొంగ కార్చుట, అలవాటు లేని చోట మూత్రము విడుచుట, గోళ్ళు నెత్తురోడునట్లు తలుపు గీచుట దాని లక్షణములు. బొమ్మ విసుగునకు మందు కాని భయమునకు మందు కాదు. అట్టి కుక్కను కొట్టుట భయమునకు భయము తోడుచేయుటయే యగును. పశువైద్యునకు చూపి, ఒక నిమిషము, రెండు నిమిషములు, అయిదు నిమిషములు అని క్రమముగా ఎడబాటును అలవరచవలెను. ఈ భేదము తెలియకనే "ఇది మొండిది" అని పలువురు కుక్కను వీధిపాలు చేయుదురు. నిన్నటి వరకు పేరు పెట్టి పిలిచినవారు నేడు కారు తలుపు మూసి వెళ్ళిపోయిన, ఆ ప్రాణికి కారణము తెలియదు.

1960 నాటి జంతుహింస నివారణ చట్టము 11వ సెక్షనులో ఒక సంగతి కలదు. నిత్యము గొలుసుతో కట్టివేసిన కుక్కకు, లేక ఇరుకున బంధించి ఉంచిన కుక్కకు తగిన వ్యాయామము కల్పింపక ఉపేక్షించు యజమాని చేయునది క్రూరత్వమే యని ఆ చట్టము చెప్పుచున్నది. చట్టమునకు జంకి కాక, కుక్క మనయందుంచిన విశ్వాసమును తలచి మనము ఈ బాధ్యతను నెరవేర్చవలెను. కూరిన బొమ్మ దానికి అరగంట పని కల్పించును. కొన్ని వేళల గంట. దినమంతటి ఏకాంతమును అది పూరింపజాలదు. మధ్యాహ్నము ఒకమారు చూచిపోవు బంధువునో, పొరుగువారినో ఏర్పాటు చేసికొనవలెను. ఉదయమును సాయంకాలమును తీరికగా నడిపించి, దారిలో అది వాసన చూచుటకు నిలిచినప్పుడు త్రాడు పట్టి లాగక మనమును నిలువవలెను. దినమున మిగిలిన గంటలన్నియు అది మనకొరకే వేచియుండును. ఆ కొద్ది నిమిషములు మనము దానికొరకు వేచియుండుట న్యాయము.